పదకొండు గంటల కుర్చీ

కార్తీక సోమవారం. రాత్రి పదిన్నర.

ఇవాళ జరిగింది రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. ఎప్పటిలాగే ఊర్లు, వయసులు, చుట్టరికాలు మార్చి రాస్తున్నాను. మా హన్మకొండలో ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే మొదటి మాట "ఏ ఊరు?", రెండోది "ఎవరి బిడ్డవు?". నాలుగో మాటకల్లా ఏదో ఒక బంధుత్వం బయటపడుతుంది. అలాంటి చోట నా పని చేసేవాళ్లు తమ కోసం రాసుకునేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలి.

పొద్దున తొమ్మిదిన్నరకు నక్కలగుట్టలో గది తాళం తీశాను. మా అంతస్తులోనే ఒక పంటి డాక్టరు ఉంటారు. గది తీసుకున్నప్పుడు అద్దె తక్కువని తీసుకున్నాను గానీ, ఆ పక్కగది ఎంత మేలు చేస్తుందో తర్వాత తెలిసింది. మెట్ల మీద తెలిసినవాళ్లు ఎదురైతే నా దగ్గరికి వచ్చేవాళ్లు "పండ్ల డాక్టర్ దగ్గరికొచ్చిన" అని చెప్పుకుంటారు. మొదటి ఏడాది మెట్ల దగ్గర పెద్దగా "కౌన్సెలింగ్ సెంటర్" అని బోర్డు పెట్టాను. జూన్, జూలైలో తల్లిదండ్రులు ర్యాంకు కార్డులు పట్టుకుని వచ్చేవాళ్లు. ఇక్కడ కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ సీట్లే. లేదంటే మొగుడూపెళ్లాల పంచాయితీకి పోలీస్ స్టేషన్‌లో చెప్పే బుద్ధులు. ఇప్పుడు నా పేరు, కింద "మనస్తత్వ నిపుణురాలు" అని తలుపు మీద చిన్న అక్షరాల్లో మాత్రమే ఉంది.

పది గంటలకు పరకాల వైపు నుంచి ఒకామె వచ్చింది. యాభైకి దగ్గర పడ్డ మనిషి. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితం కాకపోతే ఆమె ఈ గది దాకా వచ్చేదే కాదు. అయినా ఇది పత్తి ఏరే కాలం. ఏరినదానికి కిలో లెక్కన కూలి. నా దగ్గర గంట కూర్చోవడానికి ఆమె ఒక రోజు కూలి వదులుకుంటోంది. టికెట్టు జీరో అయినంత మాత్రాన రావడం జీరో ఖర్చు కాదని ఆమెను చూసినప్పుడల్లా గుర్తు చేసుకుంటాను. అందుకే ఆమెకు ఫీజు సగం చేశాను. అది కూడా ఆమె కొంగుముడి విప్పి లెక్కపెట్టి ఇస్తుంది, బాకీ ఉంచదు.

కూర్చోగానే అడిగింది: "ఏమన్న గోలీలు రాస్తవా బిడ్డా?"

గోలీలు రాసే డాక్టర్లు వేరనీ, నా పని మాటతో చేసేదనీ మళ్లీ చెప్పాను. మూడోసారి చెప్పడం. విసుగు రాలేదు. ఇన్ని మైళ్లు వచ్చిన మనిషికి చేతిలో పట్టుకుపోయేది ఏదో ఒకటి కావాలనిపించడం సహజం. నిద్ర, తిండి ఇంకా దారికి రాకపోతే ఎంజీఎం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి చీటీ రాసిస్తానన్నాను. "ఆడ మా ఊరోల్లు కనవడ్తరు" అంది. ఆ మాట అక్కడికి ఆగింది.

డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, ప్రపంచమంతా వాడేది. గత రెండు వారాల్లో ఏ ఇబ్బంది ఎన్ని రోజులు ఉందని అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం ఇరవై ఏడు. తెలుగులో "నిరాశ, నిస్పృహ" అని అడిగితే మా వైపు చాలామంది నా మొహం చూస్తారు. ఆమెను మొదటిరోజు అలా అడిగితే "అట్లాంటియేం లెవ్వు" అంది. "మరి రంది ఉన్నదా అమ్మా?" అన్నాను. అప్పటిదాకా గట్టిగా కూర్చున్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రంది అంటే దుఃఖం ఒక్కటే కాదు, దిగులు ఒక్కటే కాదు. ఒక మనిషినో ఒక నష్టాన్నో తలుచుకుని లోపల్లోపల అరిగిపోవడం. చదువుకున్న ఐదేళ్లలో ఈ మాట నాకు ఏ క్లాసులోనూ వినిపించలేదు. మా అమ్మమ్మ నోట విన్నదే పనికొచ్చింది.

ఇవాళ ఆమె, పోయిన వారం రెండు పూటలు సరిగ్గా తిన్నానని చెప్పింది. పక్కింటామెతో కలిసి చేనుకు నడిచి పోతోందట. మేమిద్దరం ఒప్పుకున్న చిన్న పని అదే. సంతోషం దాచుకోలేక "మంచిగ చేసినవ్ అమ్మా" అనేశాను. బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వే, మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదని తేల్చింది. ఈమె ఆ లెక్కలోంచి బయటికి నడిచి వచ్చిన మనిషి. అదీ పత్తి కాలంలో.

పదకొండు గంటలకు రావలసిన అబ్బాయి రాలేదు.

డిగ్రీ చదువుతూ ఇక్కడే హాస్టల్లో ఉంటాడు. నాలుగు వారాలుగా ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా వస్తున్నాడు. మామూలుగా ఎవరైనా రాకపోతే పదిహేను నిమిషాలు చూసి, ఒక మెసేజ్ పెట్టి, ఫైళ్లు రాసుకుంటాను. బస్సు దొరక్కనో, చెప్పుకోలేకనో ఎంతోమంది రారు. కానీ పోయిన సోమవారం ఇతను తొమ్మిదో ప్రశ్నకు "కొన్ని రోజులు" అని టిక్ పెట్టాడు. చచ్చిపోతే బాగుండన్న ఆలోచనల గురించి అడిగే ప్రశ్న అది. అప్పుడే నేరుగా, నెమ్మదిగా అడిగాను. ప్లాన్ ఏమీ లేదన్నాడు. అయితే ఇతను రెండేళ్ల కింద ఒకసారి ప్రాణం తీసుకోబోయాడు. పోలీస్ కేసవుతుందన్న భయంతో ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో పొరపాటున జరిగిందని చెప్పారు. అలా ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతుందని అతనికి వివరించాను. 2024 జూలైలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే ఆ పాత 309 సెక్షనే లేదు. ఇది విని "గప్పుడు తెలిస్తే మా అమ్మ అంత ఏడ్వకపోవు" అన్నాడు.

పదకొండుంబావుకు ఫోన్ చేశాను. స్విచాఫ్. పదకొండున్నరకు మళ్లీ. స్విచాఫ్.

ఎదురుగా ఖాళీ కుర్చీ. నా బల్ల మీద అతని ఫైలు. రెండో వారం ఇద్దరం కలిసి రాసుకున్న కాగితం అందులో ఉంది: మనసు కిందికి జారుతోందని ఏ గుర్తుల వల్ల తెలుస్తుంది, అప్పుడు ఏం చేస్తాడు, ఎవరితో మాట్లాడతాడు, అర్ధరాత్రైతే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలిమానస్ 14416. అత్యవసరమైతే అన్నకు చెప్పొచ్చని అతనే నంబరు రాసి సంతకం పెట్టాడు. చేను మందుల డబ్బాలు ఇంట్లో ఉంచకుండా వేరే చోట తాళంలో పెట్టిన అన్న అతను.

చట్టం గోప్యత కాపాడమంటుంది. ప్రాణాపాయం తప్పించడానికి మాత్రం అవసరమైనంత మేరకే చెప్పొచ్చంటుంది. చదివినప్పుడు ఎంతో స్పష్టంగా ఉన్న వాక్యం. స్విచాఫ్ అయిన ఫోన్ పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ "అవసరమైనంత" ఎంతో ఎవరూ చెప్పరు. చార్జింగ్ అయిపోయిందేమో. పరీక్ష ఉందేమో. నేను అనవసరంగా కంగారుపడి ఫోన్ చేస్తే నాలుగు వారాల నమ్మకం పోతుంది. చేయకపోతే?

పదకొండు నలభైకి అన్నకు ఫోన్ చేశాను. "మీ తమ్ముడు ఇవాళ నా దగ్గరికి రావాలె, రాలేదు. ఫోన్ కలుస్తలేదు. ఒకసారి మనిషిని చూసి నాకు చెప్పండి." అంతే అన్నాను. "ఏమైంది మేడం? ఏమన్న అన్నడా?" అని గొంతు మారిపోయింది. "ముందు మనిషిని చూడండి" అన్నాను. అతను ట్రాలీ ఆటోలో పత్తి వేసుకుని జిన్నింగ్ మిల్లు దగ్గర లైన్లో ఉన్నాడట. తమ్ముడు ఆదివారం ఊరికి వచ్చాడనీ, పొద్దున బస్సెక్కి ఉంటాడని అనుకున్నాననీ చెప్పాడు. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, అందరూ చేన్లోనే. ఎవరిదో బండి అడుక్కుని బయల్దేరాడు.

పన్నెండుకు ఇంటర్ చదివే అమ్మాయి, వాళ్ల నాన్న. మామూలుగా ఫోన్ సొరుగులో పెడతాను. ఇవాళ అమ్మాయికి ముందే చెప్పాను: "ఒక ముఖ్యమైన ఫోన్ రావచ్చు, వస్తే ఒక్క నిమిషం ఎత్తుతా." సరేనంది. అయినా ఆ పిల్లకు నేను ఇవ్వాల్సినంత ఇవ్వలేదు. ఆమె చెప్తున్న వాక్యం ఒకటి రెండుసార్లు మళ్లీ అడగాల్సి వచ్చింది. ఒక మనిషి ముందు కూర్చుని ఇంకో మనిషి గురించి భయపడడం ఎంత నలుపుతుందో ఈ పని చేయనివాళ్లకు చెప్పడం కష్టం.

పన్నెండు ముప్పై ఐదుకు ఫోన్. "ఉన్నడు మేడం. చేన్లనే ఉన్నడు. పత్తి మూటలు ఎత్తుతుండు." అన్న ఏడుస్తున్నాడు. నేను "సరే, సరే" అని పెట్టేశాను. ఆ పిల్ల మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

వాళ్ల నాన్న లోపలికి వచ్చి అడిగేది ప్రతిసారీ ఒకటే. "ఏం చెప్పింది మేడం? లవ్వు గివ్వు ఏమన్న ఉన్నదా? పైసలు కట్టేది నేనే గదా, నాకు తెల్వాలె గదా." అతను చెడ్డ తండ్రి కాదు. బిడ్డ అన్నం తినట్లేదని ఆఫీసుకు సెలవు పెట్టి తీసుకొస్తున్నాడు. పదిహేడేళ్ల పిల్ల, అతని సంతకంతోనే ఇక్కడికి వచ్చింది. మొదటిరోజే ముగ్గురం ఒప్పుకున్నాం: ప్రాణానికి ప్రమాదమైతే చెప్తాను, మిగతావి ఆమె చెప్పాలనుకున్నప్పుడు ఆమే చెప్తుంది. దాన్నే మళ్లీ గుర్తు చేశాను. అతనికి నచ్చలేదు. తర్వాత పిల్లను ఒక్కదాన్నే పిలిచి, మీ నాన్న ఇది అడిగాడు, నేను ఇది చెప్పానని మాటకు మాట చెప్పాను. తలుపు వెనక పెద్దవాళ్లు ఏం మాట్లాడుకున్నారో అన్న అనుమానం ఆ వయసులో అన్నిటికన్నా ఎక్కువ తినేస్తుంది.

మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఒకరిది బస్టాండులో గుండెదడ, ఒకరిది విడాకుల వాయిదా. వాళ్ల గంటలు వాళ్లకు పూర్తిగా ఇవ్వగలిగాను.

నాలుగింటికి అబ్బాయి ఫోన్ చేశాడు. నమస్తే లేదు.

"అన్నకు ఎందుకు చెప్పిండ్రు మేడం?"

ఫోన్ తడిసి పాడైందట. కూలీలు తక్కువైతే అమ్మ ఒక్కతే ఎట్లా ఏరుతుందని ఆగిపోయాడు. ఆ మాట నాకు చెప్పే దారి లేకపోయింది. అన్న వచ్చి ముప్పై మంది ముందర పట్టుకుని ఏడ్చాడు. "ఊరందరికి తెలిసింది. ఇజ్జత్ పోయింది. మీరు ఎవ్వలకు చెప్పనన్నరు గదా."

నువ్వు చెప్పినవి ఏవీ అన్నకు చెప్పలేదనీ, రాలేదని మాత్రమే చెప్పాననీ అన్నాను. అది నిజమే. కానీ ఆ ఒక్క ముక్కతో అన్నకు మిగతాదంతా అర్థమైందన్నదీ నిజమే. "నీ కోసం భయపడ్డాను. ఫోన్ చేసినందుకు బాధ లేదు తమ్ముడూ. నువ్వు రాకపోతే నేనేం చేస్తానో ముందే నీతో మాట్లాడుకోకపోవడం నా తప్పు" అన్నాను. అటు చాలాసేపు మాట లేదు. మూటలు విసురుతున్న చప్పుడు, ఎవరో ఆడమనిషి పిలవడం వినిపించాయి. వచ్చే సోమవారం వస్తావా అని అడిగాను. "తెల్వదు" అన్నాడు. పెట్టేశాడు.

మా గురువుగారు హైదరాబాదులో ఉంటారు. పదిహేను రోజులకోసారి ఫోన్లో ఆమెతో నా కేసులు మాట్లాడుకుంటాను. ఇవాళ ఆగలేక చేశాను. పేర్లు లేకుండా చెప్పాను. అంతా విని, "నువ్వు మళ్లీ అదే ఫోన్ చేస్తావా?" అని అడిగింది. చేస్తానన్నాను. "అయితే రెండోది మాట్లాడుదాం, ఆ కాగితంలో ఏం లేదు?" అంది. అరగంట దాని మీదే కూర్చున్నాం.

సాయంత్రం అత్తమ్మను వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లాను. పొద్దంతా ఉపవాసం ఆమె. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, ఇవాళ ఎటు చూసినా దీపాలే. ఆమె మూడు వందల అరవై ఐదు వత్తులు నేతిలో తడిపి వెలిగిస్తుంటే నేను గాలికి చెయ్యి అడ్డం పెట్టాను. తలెత్తితే నంది పక్కన, నా దగ్గరికి ఏడాదిగా వస్తున్న ఒకామె. పక్కన అత్తామామలు. ఆమె కళ్లు నా మీద ఆగి, వెంటనే పక్కకు పోయాయి. మొదటిరోజే చెప్పుకుంటాం: బయట కనిపిస్తే నేను ముందు పలకరించను, మీకు ఇష్టమైతే మీరే పలకరించండి. నేను దీపం వైపు చూశాను.

"ఆ పిల్ల నిన్నే చూసింది, ఎరికేనా?" అంది అత్తమ్మ.

"తెల్వదు అత్తమ్మా."

శివుడి ముందర అబద్ధం. నా పెళ్లైన పన్నెండేళ్లలో ఈ అబద్ధం ఎన్నిసార్లు చెప్పానో. ఇంట్లో ఎవరికీ నా రోజు ఎలా గడిచిందో తెలియదు. మా ఆయన అడగడం మానేసి చాలా కాలమైంది. కోపంతో కాదు, నన్ను ఇబ్బంది పెట్టొద్దని. అలసిపోయి వస్తే టీ పెట్టి ఇస్తాడు. ఇవాళ రెండుసార్లు పెట్టాడు.

తొమ్మిదింటికి కూర్చుని ఆ కాగితం మళ్లీ రాశాను. చివర కొత్త వరుస: "నేను చెప్పకుండా రాకపోతే, ఫోన్ కలవకపోతే, మేడం ఎంతసేపు ఆగాలి, ఎవరికి చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి." కింద రెండు గీతలు ఖాళీగా వదిలాను, వచ్చినవాళ్లు తమ చేతితో నింపడానికి. పది కాపీలు తీయించాలి.

సోమవారం పదకొండు గంటల టైమ్ కోసం ఒకరు రెండు వారాలుగా అడుగుతున్నారు. మంగళవారం నాలుగింటికి రమ్మని వాళ్లకు మెసేజ్ పెట్టాను. వచ్చే సోమవారం పదకొండు దగ్గర అతని పేరు రాశాను.