మాస్టారు చెప్పిన మిషనరీలు

ఒంగోలులో పెరిగినవాళ్ళకి జ్యూయెట్, క్లౌ అనే మిషనరీల పేర్లు అమెరికా పేర్లుగా వినపడవు. గుడికీ ఆసుపత్రికీ పెట్టుకున్న పేర్లు అవి, ఇంట్లో పెద్దవాళ్ళ నోట చిన్నప్పటి నుంచీ నానిన పేర్లు. మన బడిలో బైబిలు పీరియడ్ చెప్పిన మాస్టారు ఆ పేర్ల వెనక ఉన్న మనుషుల్ని మాకు చూపించారు. మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయనే. ఆయన ఇప్పుడు లేరు. పేరు రాయడం ఆయనకి ఇష్టముండదు, కాబట్టి మాస్టారు అనే రాస్తాను.

మిషనరీల కథ చెప్పేటప్పుడు మాస్టారు సముద్ర ప్రయాణాలూ పులులూ పాముల దగ్గర ఆగేవారు కాదు. అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ళ కోసం నడిపిన నెల్లూరు మిషను మూతపడబోయిన రోజుల దగ్గరే ఎక్కువసేపు ఉండేవారు. శామ్యూల్ డే 1836లో ఇండియాకి వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. అన్నేళ్ళు కష్టపడినా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఆరోగ్యం చెడి రెండుసార్లు స్వదేశానికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఇక్కడ డబ్బు ఖర్చు తప్ప ఫలితం లేదు, మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1853 సమావేశంలో గోడ మీది పటంలో తెలుగు దేశంలో ఒకే ఒక్క చుక్క ఉండటం చూసి ఎవరో ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ పేరే మిషనుకి నిలిచిపోయింది. మూసెయ్యలేదు. ఒంగోలు వైపు జనం వేల సంఖ్యలో విశ్వాసంలోకి వచ్చింది 1878లో. డే 1871లోనే కన్నుమూశారు.

"మరి ఆయన కష్టం వృథా అయినట్టేనా సార్?" అని మా క్లాసులో ఒకడు అడిగాడు. మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాటి పీరియడ్‌లో వచ్చి, "ఫలితం కనపడితేనే అర్థం ఉన్నట్టయితే, పొలంలో విత్తనం వేసి కోతకి ముందే పోయిన రైతు బతుకుకి అర్థం లేదనాలి. అలా అనగలవా?" అన్నారు. రాత్రంతా ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నట్టుంది ఆయన ముఖం.

ఒక జనవరి 1న తెల్లవారక ముందే మమ్మల్ని ఒంగోలులోని ప్రార్థన కొండ ఎక్కించారు. మోకాళ్ళ నొప్పులతో ఆయనకి కొండ ఎక్కడం కష్టం. సగం దారిలో ఒక బండ మీద కూర్చుని, పంచె అంచుతో మెడ తుడుచుకుని, మళ్ళీ లేచారు. పైకి వెళ్ళాక 1854 జనవరి 1 సంగతి చెప్పారు. లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, నెల్లూరు నుంచి వాళ్ళతో వచ్చిన తెలుగు విశ్వాసులు నరసు, జూలియా, రూతు, మొత్తం ఐదుగురు అక్కడ నిలబడి ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలు చేరింది 1866లో. మాస్టారు ఆ ఐదు పేర్లనీ మా చేత పైకి చెప్పించారు. దొర పేరు చెప్పి మిగతావాళ్ళని "తదితరులు" అనడం ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఇక్కడే మాస్టారి మాట మిగతా ప్రసంగాలకి భిన్నంగా ఉండేది. మిషనరీ త్యాగం గొప్పదే, ఇల్లూ తల్లిదండ్రులూ వదిలి వచ్చారు, బిడ్డల్ని ఈ నేలలో పాతిపెట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ ఒళ్ళు బాగోకపోతే ఎక్కడానికి వాళ్ళకి ఓడ ఉంది. తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్యకి ఏ ఓడ ఉంది? పేరయ్య తోలు పని చేసుకునే మాదిగ, క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే విశ్వాసంలోకి వచ్చి, తన బంధువర్గమంతా తిరిగి చెప్పినవాడు. చేరినవాళ్ళకి క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి చిన్నవే. పల్లెలో మాత్రం అవి పెద్దల మాట కాదనడమే. జాతరలో డప్పు కొట్టం అంటే ఊరుకుంటారా? నీళ్ళు దొరక్కుండా చేశారు, కూలి ఆపేశారు, కొట్టారు. ఆ రాత్రి నిద్రపోవాల్సింది మళ్ళీ అదే పల్లెలో, అదే పెద్దల నీడలో. మాస్టారి ముత్తాతలు ఆ పల్లెల వాళ్ళే.

ధాత కరువు సంగతి అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. 1876 నుంచి 78 దాకా జనం ఆకలితో రాలిపోతుంటే, సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ప్రసంగికులే మేస్త్రీలుగా పనిచేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మనం పండగలకి గర్వంగా చెప్పుకుంటాం. మాస్టారు ఇంకొకటి గుర్తు చేసేవారు: కరువు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, అడిగినవాళ్ళకి కూడా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని, సాయం ఆగిపోయాకే నది దగ్గరికి రమ్మన్నారు. నాకు ఆ 2,222 కన్నా ఈ ఆగడమే పెద్దదనిపిస్తుంది. అవసరంలో ఉన్నవాడి చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించుకోకపోవడానికి గట్టి విశ్వాసం కావాలి.

నేను తొమ్మిదిలో ఉండగా మాస్టారి చిన్న కూతురు జ్వరంతో పోయింది. ఆయన బడికి తిరిగొచ్చిన రోజు పాఠం యోబు గ్రంథం. సిలబస్‌లో వరసగా వచ్చింది, ఆయన తప్పించుకోలేదు. యోబు స్నేహితులు మొదట ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు, అంతవరకే వాళ్ళు మంచి స్నేహితులు, నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడ్డారు అన్నారు. "దేవుడు నా బిడ్డని ఎందుకు తీసుకున్నాడో నాకు చెప్పలేదు. నేనూ మీకు చెప్పను. బాధలో అర్థం దానంతట అది ఉండదు. ఆ బాధ పడుతూ నువ్వు ఎవరి పక్కన నిలబడ్డావో అక్కడ వెతుక్కో." సుద్దముక్క పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. బోర్డు మీద అధ్యాయం నంబరు రాయబోయి, రాయలేక, మమ్మల్నే చదవమన్నారు.

కష్టాన్ని ఆయన ఎప్పుడూ పొగడలేదు. బాధ పడితేనే భక్తి అన్నవాళ్ళతో గట్టిగా వాదించేవారు. నా జీవితంలో అమ్మ మంచాన పడ్డ రోజుల్లో, ఆసుపత్రి వరండాలో ఎంతోమంది ఎన్నో కారణాలు చెప్పి ఓదార్చారు. నాకు పనికొచ్చింది మాస్టారి మాటే. ప్రశ్న మానేసి అమ్మ పక్కన కూర్చున్నాను. పక్క బెడ్ ముసలమ్మకి ఎవరూ లేరని అప్పుడే తెలిసింది, ఆమెకి కూడా గంజి తాగించడం మొదలైంది.

ఇంకో సంగతి మాస్టారికి చాలా ఇష్టం. ఒకప్పుడు మూసేద్దామనుకున్న ఈ తెలుగు మిషనే 1903లో తన సొంత మిషనరీని పంపింది. కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి వెళ్ళిన తెలుగువాళ్ళ దగ్గరికి జాన్ రంగయ్య కుటుంబంతో వెళ్ళారు. ఖర్చు పెట్టుకున్నది ఇక్కడి తెలుగు సంఘాలే. ఈ కథ చెప్పేటప్పుడు మాస్టారు గొంతు పెంచేవారు, పక్క క్లాసువాళ్ళు కూడా పాఠం ఆపి వినేవారు.

పూర్వ విద్యార్థుల కమిటీ బడి హాల్లో ఫలకం పెట్టిస్తోందని విన్నాను. డే, జ్యూయెట్, క్లౌ పేర్లు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కనే, అదే సైజు అక్షరాల్లో, నరసు, జూలియా, రూతు, యర్రగుంట్ల పేరయ్య, జాన్ రంగయ్య పేర్లు కూడా చెక్కించమని కమిటీవారికి నా మనవి. అయ్యే అదనపు ఖర్చు మా బ్యాచ్ తరఫున నేను పెట్టుకుంటాను.