పొడలోని కన్ను

బైబిల్లో లేవీయకాండము 13వ అధ్యాయం రాగానే నాలాంటివాళ్లు గబగబా పేజీలు తిప్పేస్తారు. పొడలు, అంటే ఒంటిమీద వచ్చే వ్యాధి మచ్చలు, అవి వచ్చినవాళ్లను ఏడేసి రోజులు విడిగా ఉంచడాలు. బట్టకు పట్టిన పొడ సంగతి కూడా అందులోనే ఉంది. ఉతికాక కూడా దాని రంగు మారకపోతే ఆ బట్టను కాల్చేయాలి, 55వ వచనం. ఇందులో ధ్యానించడానికి ఏముంటుంది అనుకునేవాణ్ణి.

హీబ్రూలో ఈ పొడ పేరు 'నెగా'. నూన్, గీమెల్, అయిన్ అనే మూడక్షరాలు. 119వ కీర్తనలో 22 భాగాలకు శీర్షికలుగా మనకు కనిపించేవే. చివరి అయిన్‌ని తెచ్చి ముందు పెడితే 'ఓనెగ్' అవుతుంది. అంటే ఆనందం. యెషయా 58:13లో విశ్రాంతిదినము 'మనోహరమైనది' అని మనం చదువుకునే చోట ఉన్న మాట అదే.

తెలుగులో ఇలా కుదరడం అరుదు. మన గుణింతం అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, 'కోడి'ని తిప్పితే 'డికో' తప్ప ఏమీ రాదు. యూదుల ధర్మశాస్త్రమైన తోరా చుట్టలో అచ్చుల గుర్తులు ఉండవు, వాటిని చదివేవాడే పలకాలి. అందుకే అక్షరాల చోటు మార్చి చదివే పద్ధతికి అక్కడ అంత వీలు. దాన్ని త్సేరూఫ్ అంటారు. 'సెఫెర్ యెత్సిరా' అనే పాత యూదు గ్రంథం అక్షరాలను రాళ్లతో, వాటితో కట్టే మాటలను ఇళ్లతో పోలుస్తుంది: రెండు రాళ్లతో 2 ఇళ్లు, మూడింటితో 6, ఏడింటితో 5,040. మంచిలో ఓనెగ్‌ను మించింది లేదు, చెడులో నెగాను మించింది లేదు అన్నదీ ఆ గ్రంథమే.

అసలు విశేషం ఆ 55వ వచనంలోనే ఉంది. అయిన్ అంటే హీబ్రూలో కన్ను. 'రంగు మారలేదు' అనే చోట మూలంలో ఉన్నది 'పొడ తన కన్ను మార్చుకోలేదు' అని. హసీదీ అనే యూదు భక్తి సంప్రదాయపు గురువులు ఆ మాటను పట్టుకున్నారు. అయిన్ చివరే ఉండిపోయింది కాబట్టి పొడ పొడగానే మిగిలింది, ముందుకు జరిగి ఉంటే ఆనందమయ్యేది అన్నారు.

ఒప్పుకోవాలి, ఇలా తిప్పుతూ పోతే దేన్నుంచైనా దేన్నైనా రాబట్టవచ్చు. వచనం తన మామూలు అర్థాన్ని విడిచిపెట్టదని యూదుల ప్రాచీన వ్యాఖ్యాన గ్రంథం తల్మూద్ ముందే హద్దు గీసింది. గురువులు ఎంత అందంగా చెప్పినా ఆ బట్ట మంటల్లోకి పోవాల్సిందే.

కన్ను గురించే మిష్నాలో, అంటే యూదుల పాత నియమాల సంకలనంలో, ఇంకో నియమం ఉంది. యాజకుడు ఎవరి పొడనైనా చూసి శుద్ధమో అశుద్ధమో తీర్పు చెప్పవచ్చు, తన పొడను తప్ప. దానికి ఇంకో యాజకుడి దగ్గరికి వెళ్లాలి.