ఇరానీ హోటల్‌లో ఇరాన్ గొడవ

"అంతా విదేశీ హస్తమే అన్నా, రాసిపెట్టుకో" అని పక్క టేబుల్ ఆయన ఊగిపోతుంటే, ఎదురుగా ఉన్నాయన ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ "వాట్సాప్ తగ్గించు భాయ్" అన్నాడు. నాంపల్లిలో, ఇరానీ హోటల్‌లో.

ప్రతిదానికీ అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అంటే నేనూ నమ్మను. కానీ కూర్చున్నది ఇరానీ హోటల్ కదా, 1953 గుర్తొచ్చింది.

బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉన్న ఇరాన్ చమురుని ఆ దేశ ప్రధాని మొసాద్దెక్ 1951లో జాతీయం చేశాడు. రెండేళ్లకి సీఐఏ, బ్రిటన్ గూఢచారి సంస్థ ఎంఐ6 కలిసి ఆయన్ని దింపేశాయి. ఆగస్టులో మొదటి ప్రయత్నం బెడిసికొట్టి ఇరాన్ రాజు షా బాగ్దాద్‌కి పారిపోయాడు కూడా, అయినా నాలుగు రోజుల్లోనే పని పూర్తి చేశారు... డబ్బిచ్చి తెచ్చిన గుంపులు, చేతిలో పెట్టుకున్న పత్రికలు, చివర్లో ట్యాంకులు. జనం భయపడాలని కొందరిని కమ్యూనిస్టుల వేషంలో రోడ్ల మీద గొడవకి దింపారు, నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది అక్కడే.

కుట్ర మా ఆదేశాలతోనే జరిగిందన్న సీఐఏ సొంత పత్రం జనం ముందుకొచ్చింది 2013లో. అరవై ఏళ్లు! మొసాద్దెక్ మూడేళ్లు జైల్లో ఉండి, తర్వాత గృహనిర్బంధంలోనే 1967లో పోయాడు. ఆయనకి ఆ కాగితం ఎవరు చూపిస్తారు?