వదిన పంపిన రేటు కార్డు

పదకొండు దాటింది. వదిన భీమవరంలో పచ్చళ్ళు, పొడులు చేసి ఆర్డర్ల మీద అమ్ముతుంది. సరుకు తమ దగ్గర ఉంచుకుని, ఆర్డరొస్తే ప్యాక్ చేసి పంపే మేడ్చల్ గోడౌనువాళ్ళ రేటు కార్డు నాకు పంపింది. అది మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. "ఆర్డరుకి 18 రూపాయలేనట, ప్యాకింగూ వాళ్ళే, కొరియర్‌కి ఇచ్చేదీ వాళ్ళే, ఇంక ఇంట్లో టేపు చప్పుడుండదు" అని వదిన సంబరం. హైదరాబాదు నుంచైతే దేశమంతా తొందరగా పోతాయని అన్నయ్య వెనకనుంచి వంత. సరే, చూసి చెప్తానన్నాను. చూశాను.

18 అబద్ధమేం కాదు. రెండో పేజీ చదవనివాళ్ళ కోసం పెట్టిన అంకె అది. ఆర్డర్లో మొదటి సీసాకే 18, ఆ పైన ఒక్కోదానికి 4. అట్టపెట్టె, టేపు, బబుల్ చుట్ట వాడినంత మేరకు. సరుకు దింపుకుని లెక్కపెట్టినందుకు పెట్టెకింత, అరలో ఉన్నందుకు నెలకింత, తిరిగొచ్చిన పార్సిల్ విప్పి చూసినందుకు 15. ఇవన్నీ ఏ గోడౌనైనా తీసుకునేవే, వాటితో నాకు పేచీ లేదు. నాకు మండింది అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న లైనుకి: నెలకు కనీస బిల్లు 25,000.

వదినకి నెలకు 600 ఆర్డర్లనుకుందాం. 18 చొప్పున 10,800. రెండో సీసాలు, అద్దె, రిటర్నులు అన్నీ కలిపినా పదహారు, పదిహేడు వేలు దాటదు. దాటకపోయినా పాతికవేలు కట్టాల్సిందే. అంటే ఆర్డరుకి దాదాపు 42 రూపాయలు. పైన 18 శాతం జీఎస్టీ (అది క్రెడిట్‌గా, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వెనక్కొస్తుంది లెండి). కొరియర్ ఖర్చు ఇందులో లేనే లేదు. మొదటి ఆరు నెలలు కనీస బిల్లు ఎత్తేయమని అడగొచ్చు. చాలామంది ఒప్పుకుంటారు కూడా, ఎందుకంటే ఖాళీ అరకంటే సగం నిండిన అర వాళ్ళకీ నయమే. అడగనివాళ్ళ దగ్గర మాత్రం ఊరుకోరు.

ఇక గోడౌను హైదరాబాదు పక్కన మేడ్చల్లో ఉండటం సంగతి. సరుకు తయారయ్యేది భీమవరంలో, గోడౌను తెలంగాణలో. అక్కడ స్టాకు పెట్టి అమ్మాలంటే ఆంధ్రా జీఎస్టీ నంబరు పనికిరాదు, తెలంగాణలో ఇంకోటి తీసుకోవాలి. పాన్ ఒకటే అయినా రెండు రాష్ట్రాల్లో రెండు నంబర్లుంటే చట్టం ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగానే చూస్తుంది. మన సరుకు మన గోడౌనుకే పంపినా అమ్మినట్టే లెక్క: ఐజీఎస్టీతో (రాష్ట్రం దాటే సరుకు మీద వేసే జీఎస్టీ) ఇన్వాయిసు, 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం), అవతలి నంబరు మీద ఆ క్రెడిట్ తీసుకోవడం. జీఎస్టీ రిటర్నులు రెండు సెట్లు, ఆడిటర్ ఫీజు కూడా ఆ మేరకు. అదే విజయవాడ పక్కన గొల్లపూడి, గన్నవరం వైపు గోడౌనైతే ఉన్న రిజిస్ట్రేషన్‌లోనే అదనపు వ్యాపార స్థలంగా చేర్పిస్తే సరిపోతుంది. గోడౌనువాళ్ళ అగ్రిమెంటు, కరెంటు బిల్లు, అభ్యంతరం లేదన్న కాగితం ఉంటే ఆడిటర్ పని తేలిగ్గా అయిపోతుంది. రేటు కార్డు పంపినవాడు ఇది చెప్పడు. వాడి పని కాదు కాబట్టి.

హైదరాబాదు నుంచి తొందరగా పోతాయన్నది కూడా పచ్చళ్ళ విషయంలో నిలవదు. నూనె సరుకు ఎక్కువగా రోడ్డు మీదే పోతుంది, విమానంలో ఎక్కించడానికి కొరియర్లు వెనకాడతాయి. ఈ వాదనలన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గత ఆరు నెలల ఆర్డర్లు షీటులో వేసి, పిన్‌కోడ్ మొదటి రెండంకెల ప్రకారం విడదీయాలి. 50 తెలంగాణ, 51, 52, 53 ఆంధ్రా, 56 బెంగళూరు వైపు, 60 చెన్నై, 40, 41 ముంబయి, పుణె వైపు. సగానికి పైగా 50 నుంచి 53 లోపలే ఉంటే విజయవాడ చాలు. నా అంచనా అంతే. ఢిల్లీ చుట్టుపక్కల ఆర్డర్లు గట్టిగా ఉంటే రెండో గోడౌను గురించి అప్పుడు ఆలోచించొచ్చు. ఇప్పుడే రెండుచోట్ల పెడితే ఒకచోట గోంగూర అయిపోయి, ఇంకోచోట అదే గోంగూర గడువు తీరిపోతుంటుంది.

రాయాలనుకున్నది అసలు ఇది కాదు. పదకొండో షరతు: "సరుకు కారడం, పగలడం వల్ల జరిగిన నష్టానికి గోడౌను బాధ్యత వహించదు." చదవగానే ఒళ్ళు మండింది. మామూలు వివేకం ఉన్న మనిషి అలాంటి పరిస్థితిలో తన సొంత సరుకుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, సరుకు అప్పజెప్పించుకున్నవాడు అంత జాగ్రత్త చూపాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెప్తోంది. అద్దె తీసుకుంటూ జాగ్రత్త మాత్రం మీదే అంటే ఎలా? ఈ మాటే వదినకి గట్టిగా రాద్దామని కూర్చున్నాను.

రాస్తుంటే పటాన్‌చెరు వైపు ఒక గోడౌన్లో జరిగింది గుర్తొచ్చింది. మే నెల. రేకుల షెడ్డు. మూడో అరలో ఎవరిదో ఆవకాయ స్టాకు, దాని కింద ఇంకెవరివో పిల్లల నూలు గౌన్లు. ఒక సీసా మెల్లగా కారింది. నూనె పెట్టె వెనకవైపు నుంచి దిగింది కాబట్టి ముందు నిలబడ్డవాళ్ళకి కనపడదు. అట్ట దాన్ని తాగేసింది. పైకి చూస్తే పెట్టె బాగానే ఉంది, ఒక మూల కొంచెం నల్లబడిందంతే. గౌన్ల పార్సిళ్ళు ఆ పక్కనే ప్యాక్ అయి, లేబుళ్ళు అంటించుకుని వెళ్ళిపోయాయి. ఆ లేబుళ్ళు వేడితో అచ్చయ్యే కాగితం. నూనె తగిలితే అక్షరం పాలిపోతుంది, బార్‌కోడ్ గీతలు ఒక పక్కనుంచి మాయమవుతాయి. కొరియర్ హబ్‌లో స్కానర్ చదవలేదు. చదవని పార్సిల్ పక్కన పడేస్తారు. సిస్టంలో మాత్రం "బయల్దేరింది, చేరలేదు". గౌన్లు కొన్నవాళ్ళ ఫోన్లు, అమ్మినావిడ ఏడుపు, కొరియర్‌కి క్లెయిమ్, దానికి "ప్యాకింగ్ సరిగా లేదు" అని జవాబు. గోడౌను మేనేజరేమో సీసా అలాగే వచ్చిందంటాడు. పచ్చడి వాళ్ళేమో మేం సీలు వేసే పంపామంటారు.

చివరికి ఆ సీసా మూత విప్పారు. లోపల ఫాయిల్ సీలు ఉంది. ఒక పక్క గోరంత మేర లేచి ఉంది. ఆ లేచినచోట సీసా అంచు మీద ఆవపిండి పలుకు ఒకటి, చుట్టూ నూనె తడి. అంచు మీద చెమ్మ ఉంటే ఫాయిల్ అంటుకోదు. అంటుకున్నట్టు కనిపిస్తుంది, మూత బిగిస్తే నిలబడుతుంది. ఎండలో నూనె వ్యాకోచించి పైకి తోసిందా, అక్కడ దారి దొరుకుతుంది. గోడౌనులో ఎవరూ పడేయలేదు. తప్పు పచ్చడి నింపిన బల్ల దగ్గరే జరిగింది.

కాబట్టి ఆ పదకొండో షరతు మీద కోపం సగం తగ్గింది. సీలు ఎలా వేశారో తెలియని సీసాకి గోడౌనువాడు ఎందుకు పూచీ పడతాడు? కాకపోతే షరతుని అలా గంపగుత్తగా వదలకూడదు, రెండుగా చీల్చాలి. సరుకు దింపుకునేటప్పుడు ప్రతి 20 సీసాల్లో ఒకటి తీసి, టిష్యూ కాగితం మీద తలకిందులుగా ఒక రాత్రి ఉంచాలి. మరక పడితే ఆ బ్యాచ్ వెనక్కి, ఖర్చు మనది. మరక లేకపోతే లెక్క పుస్తకంలో సంతకం, ఆ తర్వాత అరలో పగిలినా పోయినా వాళ్ళది. ఎంత కట్టివ్వాలన్నది కూడా అంకెల్లో ఉండాలి. తయారీ ఖర్చా, అమ్మకం ధరా? ఈ ఒక్క మాట రాయకపోవడం వల్లే తగువులన్నీ. కొరియర్ దగ్గర పోయినవాటికి ఇన్వాయిసు విలువ, వాళ్ళు పెట్టుకున్న గరిష్ఠ పరిమితి, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. అది గోడౌనువాడి చేతిలో లేదు.

ఇంకోటి పెట్టెలు. చాలా గోడౌన్లలో మూడు సైజులే ఉంటాయి, చిన్నది అయిపోతే కుర్రాడు చేతికందిన దాంట్లో వేసి కాగితం కుక్కుతాడు. అరకిలో పౌచ్‌లు రెండు 22×16×12 సెంటీమీటర్ల పెట్టెలో సరిపోతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తే 0.84 కిలో. అసలు బరువే కాస్త ఎక్కువ, 1.15. కొరియర్ రెండిట్లో ఎక్కువదాన్ని తీసుకుని పై అరకిలోకి సర్దుతుంది, కాబట్టి బిల్లు కిలోన్నరకి. అవే పౌచ్‌లు 30×25×20 పెట్టెలో వెళ్తే మూడు కిలోలకి బిల్లు. మూడు కిలోల డబ్బు కట్టేది వదిన, పెట్టె ఎంచింది కుర్రాడు. ఏ సరుక్కి ఏ పెట్టె అన్నది ముందే సిస్టంలో కట్టేయాలి. తప్పు పెట్టె వాడితే తేడా డబ్బు వాళ్ళదేనని రాయించాలి. మొహమాటం అక్కర్లేదు.

కొరియర్ల జాబితాలో ఐదు పేర్లున్నాయి. ఈకామ్ ఎక్స్‌ప్రెస్‌ని 2025లో ఢిల్లీవరీ కొనేసింది కాబట్టి నాలుగనే లెక్కేసుకోవాలి. భీమవరం చుట్టుపక్కల పల్లెలకి ఈ నాలుగులో ఎవరు వెళ్తారో పిన్‌కోడ్ షీటు తెప్పించుకోవాలి.

పొద్దున వదినకి మొత్తం వద్దనే చెప్పాలనుకున్నా. ఇప్పుడు అలా అనిపించట్లేదు. కరివేపాకు పొడి, కందిపొడి, మునగాకు పొడి గోడౌనుకి ఇచ్చేయొచ్చు. తేలిక, కారవు, మూడు పొరల అట్ట చాలు, గడువు ముందు తీరేది ముందు పంపాలన్న నియమం పాటిస్తే చాలు. గోడౌనుకి ఆ చిరునామాతోనే నిల్వ చేసే ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సుందో లేదో కాగితం మీద చూసుకోవాలి. గాజు సీసాలు మాత్రం ఇంట్లోనే ఉండనీ, మూతి తుడిచే పని కుదురుకునే దాకా. క్యాష్ ఆన్ డెలివరీ పచ్చళ్ళకి అసలు ఆపేస్తే మంచిది. వద్దని తిప్పి పంపిన సీసా పది పన్నెండు రోజులు ఎండలో తిరిగొస్తుంది. రానూ పోనూ ఛార్జీ మనమే కట్టి, దాన్ని మళ్ళీ ఎవరికి అమ్ముతాం?

చివరి పేజీ ఎవరూ చదవరు. మానుకోవాలంటే 60 రోజుల నోటీసు, మన సరుకు మనం వెనక్కి తెచ్చుకోవడానికి సీసాకి 6 రూపాయలు, బాకీ ఒక్క రూపాయి ఉన్నా సరుకంతా ఆపుకునే హక్కు. మొదటి రెండూ బేరమాడితే తగ్గుతాయి. మూడోది అలా ఉండకూడదు. బాకీ ఎంతో అంత విలువైన సరుకే ఆపాలి, మిగతాది వదలాలి. దీపావళి ముందు బిల్లు మీద తగువొస్తే గడువున్న తిండి సరుకుతో ఎదురుచూసేది మనమే, వాళ్ళు కాదు. ఆ లైను మార్చకపోతే ఎంత తక్కువ రేటైనా వద్దని వదినకి మెసేజ్ పెట్టాను. అన్నయ్య చదవకుండా సంతకం పెట్టే రకం, కాగితం ముందు నాకు పంపమని కూడా.