ఫ్యానూ, బ్యాండ్‌గ్యాపూ

గురువారం. రాత్రి పదకొండు దాటింది.

పొద్దున్న మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా చెమట. కరెంటు పోయిందేమో అనుకున్నాను. చూస్తే ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. ఫ్యాను మాత్రం కదలకుండా సన్నగా మూలుగుతోంది. రాత్రి ఎప్పుడో కరెంటు పోయి వచ్చినట్టుంది, ఆగిన ఫ్యాను మళ్లీ అందుకోలేదు. గదిలో నాతో ఉండే అమ్మాయి మంచం మీద నిలబడి, చీపురు తిరగేసి రెక్కను ఒక్క తోపు తోసింది. అది బద్ధకంగా కదిలి, నాలుగైదు చుట్లు తిరిగాక ఊపందుకుంది.

"కండెన్సర్ పోయింది అక్కా. రిజిస్టర్‌లో రాసి పది రోజులయింది" అంది చీపురు మూలన పెడుతూ.

ఆ మాట అక్కడే వదిలేసి, టిఫిన్‌లో ఉప్మా అని తెలిసి దాన్నీ వదిలేసి, ల్యాబ్‌కి పోయాను.

నా ప్రాజెక్టు చెప్పుకోవడానికి చిన్నది: చలికీ ఎండకీ చలించని వోల్టేజి ఒకటి చిప్ మీద పుట్టించాలి. బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్ అంటారు. మా పిన్నికి ఇది చెబితే "రెండేళ్లు చదివి చేసేది ఒక్క వోల్టేజేనా?" అంది. ఒక్కటే. కానీ నా పక్క సీటు అబ్బాయి చేస్తున్న పది బిట్ల ఏడీసీ, అంటే వోల్టేజిని కొలిచి అంకెగా మార్చే సర్క్యూట్, దాని మీదే బతకాలి. 1.2 వోల్టులను 1024 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు 1.17 మిల్లీవోల్టులు. బట్టల కొట్టులో గజంబద్ద ఎండకు సాగితే ఎలా ఉంటుందో, నా వోల్టేజి ఆ మాత్రం కదిలితే అతని అంకెలూ అలాగే ఉంటాయి. అందుకే రోజూ వచ్చి, వేడికి నా వోల్టేజి ఎంత కదులుతుందో చూపే కర్వ్ చూసి పోతుంటాడు, అప్పు ఇచ్చినవాడిలా.

దీని వెనకున్న ఉపాయం మాత్రం నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటే. ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ల మధ్య వోల్టేజి డిగ్రీకి సుమారు రెండు మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది. ఒకటి ఒంటరిగా, ఎనిమిది గుంపుగా ట్రాన్సిస్టర్లను పెట్టి రెండు వైపులా ఒకే కరెంటు పంపితే, ఆ రెంటి మధ్య తేడా గది వేడిమి దగ్గర 54 మిల్లీవోల్టులు ఉంటుంది, వేడితో పాటు డిగ్రీకి 0.18 చొప్పున పెరుగుతుంది. పడేదానికి, పెరిగేదాన్ని పదకొండు రెట్లు చేసి కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది 1.2 వోల్టుల చిల్లర. సిలికాన్ బ్యాండ్‌గ్యాప్‌కు, అంటే అందులో ఎలక్ట్రాను కట్టు తెంచుకుని కదలడానికి కావలసిన శక్తికి, దగ్గరగా వచ్చే అంకె కాబట్టి ఆ పేరు. 1971లో బాబ్ విడ్లార్ దీని మీద రాసిన పత్రం ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. పచ్చిక కోయించే ఖర్చు తగ్గించుకున్నారని, కంపెనీ ముందు గొర్రెను తెచ్చి మేపిన మనిషి ఆయన. అనలాగ్ సర్క్యూట్లు గీసేవాళ్ల తిక్కకు మూలపురుషుడని మా ల్యాబ్‌లో అందరికీ ఆయనంటే ప్రత్యేక గౌరవం.

ఆ ఒకటీ ఎనిమిదీ లెక్క లేఅవుట్‌లో, అంటే చిప్ మీద ఏది ఎక్కడో గీసే పటంలో, ఇంకా అందంగా ఉంటుంది. తొమ్మిది గళ్లు, నడిమి గడిలో ఒంటరి ట్రాన్సిస్టర్, చుట్టూ ఎనిమిది. చిప్‌లో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చిన్న చిన్న తేడాలున్నా రెండు వైపులా సగటున ఒకేలా పడాలని అలా పేరుస్తారు. మొదటిసారి గీసినప్పుడు అచ్చం గుడిలో నవగ్రహ మండపమే, మధ్యలో సూర్యుడితో సహా. ఆ సెల్‌కు 'నవగ్రహ' అనే పేరు పెట్టాను. రివ్యూలో సార్ చూసి ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే.

ఇక ఇవాళ్టి సంగతి. మైనస్ 40 నుంచి 125 డిగ్రీల దాకా సిమ్యులేషన్ నిన్ననే అయింది. తెరిచిన గొడుగులా చక్కగా వంగిన కర్వ్, ఈ కొస నుంచి ఆ కొసకు మూడు మిల్లీవోల్టులు దాటని తేడా. పొద్దున దాన్నే తెరమీద పెట్టుకుని మురిసిపోతున్నాను. సార్ అటుగా పోతూ ఒక్క క్షణం ఆగారు.

"బాగుందమ్మా. సప్లై సున్నా నుంచి నెమ్మదిగా పెంచి చూశావా?"

చూడలేదు. చూశాను. మొదట ఒక మైక్రోసెకనులో 1.8 వోల్టులకు ఎక్కించాను, లేచి కూర్చుంది. హమ్మయ్య అనుకుని పది మిల్లీసెకన్లలో ఎక్కించాను. సప్లై గీత ఏటవాలుగా పైకి పోయింది. నా అవుట్‌పుట్ గీత నేలకు అతుక్కుని అలాగే పడుకుంది. సున్నా. వైరు ఎక్కడైనా ఊడిందేమోనని గంటన్నర వెతికాను. ఏ వైరూ ఊడలేదు. గంటన్నర వెతకాల్సిన అవసరమూ లేదని ఇప్పుడు తెలుస్తోంది.

లోపల జరిగేది ఇది. సర్క్యూట్‌లోని ఆంప్లిఫయర్‌కు నేను అప్పగించిన పని ఒంటరి వైపూ, గుంపు వైపూ ఉన్న రెండు కొసలనూ ఒకే వోల్టేజి దగ్గర ఉంచడం. రెండూ 0.65 దగ్గర ఉన్నా సమానమే. రెండూ సున్నా దగ్గర ఉన్నా సమానమే. నేను కోరింది చేశానని అది నిశ్చింతగా ఉంది. నిన్నటి సిమ్యులేషన్‌లో కాలం అనేదే లేదు, సమీకరణాలకు సరిపడే జవాబు ఒకటి దొరికితే దానికి చాలు, దొరికింది నాకు నచ్చిన జవాబు. రెండోది ఉందని అది చెప్పలేదు, నేను అడగలేదు. వేగంగా సప్లై పెంచినప్పుడు లేవడం కూడా నా గొప్పేమీ కాదు. పైనుంచి కరెంటు పంపేవి పీమాస్ అనే జాతి ట్రాన్సిస్టర్లు, గేటు సప్లైకి దిగువన ఉంటేనే కరెంటు వదులుతాయి. వాటి గేట్లు సప్లైతో పాటు అంత త్వరగా ఎక్కలేక వెనకబడ్డాయి, ఆ సందులో కాస్త కరెంటు పారింది, దాంతో అంటుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది చీపురు. తీగచుట్టలో కరెంటు ఉంది, మూలుగు ఉంది, రెక్కలు కదలవు. ఒక్క తోపు తోస్తే చాలు, ఇక దాని దారి అది చూసుకుంటుంది. ఆ తోపే నా దగ్గర లేదు. పాఠంలో స్టార్టప్ సర్క్యూట్ అని అర పేజీ ఉంది. పరీక్షలో రాదని ఎవరో సీనియర్ చెబితే వదిలేసిన అర పేజీ.

మధ్యాహ్నమంతా దానికే పోయింది. మూడు ట్రాన్సిస్టర్లు. అవుట్‌పుట్ సున్నాలో ఉన్నంతసేపూ ఒకటి పీమాస్‌ల గేటును కిందికి గుంజుతుంది, మిగతా రెండూ అవుట్‌పుట్ లేచిందో లేదో కనిపెట్టి దాన్ని మాన్పిస్తాయి. మొదటిసారి పెట్టగానే అవుట్‌పుట్ లేచింది. లేచి 1.27 దగ్గర నిలబడింది, గొడుగు కర్వ్ కూడా ఒక పక్కకు ఒరిగింది. తోసినవాడు తోస్తూనే ఉన్నాడన్నమాట. ఫ్యాను కండెన్సర్ ఎప్పుడూ సర్క్యూట్‌లోనే ఉండాలి, నాది మాత్రం పని కాగానే తప్పుకోవాలి. పోలిక అక్కడితో సరి. కనిపెట్టే జంటలో పై ట్రాన్సిస్టర్ పొడవు రెండు మైక్రాన్లు పెట్టాను, అది బలంగా ఉండి కిందిదాన్ని గెలవనివ్వడం లేదు. పొడవును ఇరవై చేశాను. ఈసారి లేచింది, తోపు ఆగింది, కర్వ్ తిరిగి గొడుగయింది. ఎవరికైనా చూపించాలని చుట్టూ చూస్తే ల్యాబ్‌లో నేనూ, సర్వర్ మోతా తప్ప ఎవరూ లేరు.

మెస్‌లో చల్లారిన పప్పుచారు తింటుంటే నాన్న ఫోను. ఫ్యాను సంగతి చెప్పాను, చిప్ సంగతి చెప్పలేదు. "మూలుగుతూ నిలబడితే అట్లా వదలకండి, వైండింగు కాలిపోతుంది. కండెన్సర్ చవకే, మీరే తెచ్చి వేయించుకోండి. రెండున్నర మైక్రోఫారడ్ అని అడుగు" అన్నారు. మైక్రోఫారడ్ అన్న మాట నాన్న నోట ఎంత మామూలుగా వచ్చిందో! నా చిప్ మొత్తం మీద ఉన్న కెపాసిటర్లన్నీ కలిపినా అందులో లక్షో వంతు రావు.

పడుకోబోయే ముందు ఫోనులో చూశాను. నలభై అయిదు రకాల పరిస్థితులకు పెట్టి వచ్చిన రన్ అయిపోయింది. నలభై నాలుగు పాస్. ట్రాన్సిస్టర్లు రెండు జాతులూ (పీమాస్, ఎన్‌మాస్) నెమ్మదైనవి, మైనస్ 40 డిగ్రీలు, సప్లై 1.62 ఉన్నచోట మాత్రం అవుట్‌పుట్ లేస్తోంది కానీ 0.9 దగ్గరే ఆగిపోతోంది. సున్నా కాదు, 1.2 కాదు. మధ్యలో ఈ మూడో మజిలీ ఎక్కడిదో రేపు చూడాలి. ఏడీసీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు.

గదిలో అమ్మాయి నిద్రపోయింది. ఫ్యాను తిరుగుతోంది. చీపురు నా మంచం పక్కనే పెట్టుకున్నాను.