వస్తున్నం లింగమయ్యో!

అడవి నుంచి వచ్చి బట్టలు కూడా ఇంకా ఉతకలేదు. పిక్కలు పట్టేసి మెట్లు దిగాలంటే ఏడుపొస్తోంది. అయినా ఈ సంతోషం చల్లారకముందే రాయాలనిపించింది. ఈ చైత్ర పౌర్ణమికి మా తమ్ముడిని నల్లమల అడవి లోయలో ఉన్న సలేశ్వరం తీసుకెళ్లి, అక్కడి శివయ్య, అదే మా లింగమయ్య, మొక్కు తీర్చుకున్నాం.

మొక్కు నాది. బైక్ యాక్సిడెంట్‌లో తమ్ముడికి తొడ ఎముక విరిగి లోపల రాడ్ వేశారు. ఆపరేషన్ జరుగుతుంటే బయట కుర్చీలో కూర్చుని, "లింగమయ్యా, వీడు లేచి నడిస్తే నీ లోయలోకి వీడి కాళ్ల మీదే దింపుకొస్తా" అనుకున్నాను. మావారు ఇప్పటికీ ఆట పట్టిస్తారు. యాదగిరిగుట్టకో చిలుకూరుకో మొక్కుకుంటే కారు గుడి దాకా పోయేది కదా, కాలు విరిగినోడి కోసం ఎవరైనా కొండలూ లోయలూ మొక్కుకుంటారా అని. ఏం చేయను, మా అమ్మమ్మది లింగాల దగ్గరి పల్లె. ఎడ్లబండ్లు కట్టుకుని, జొన్న రొట్టెలు మూటగట్టుకుని సలేశ్వరం పోయిన కథలు ఆమె చెబితే వింటూ పెరిగాను. ఆపదలో నోటికొచ్చిన దేవుడు ఆయనే.

తమ్ముడికి ఇవేవీ పట్టవు. డాక్టర్ నడవమన్నాడు కాబట్టి నడుస్తా, నువ్వు మొక్కుకున్నావు కాబట్టి వస్తా అన్నాడు. నాకు అంతే చాలు.

సలేశ్వరం ఎప్పుడు పడితే అప్పుడు పోయే చోటు కాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిమధ్యలో ఉంటుంది. ఏడాదిలో చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే జనాన్ని లోపలికి వదులుతారు. ఆ కొద్ది రోజులకు పాలమూరు, నల్లగొండ, హైదరాబాద్ అన్నీ కలిసి అక్కడికే వస్తాయి. పైగా శ్రీశైలం రోడ్డుకు మన్ననూరు దగ్గర గేటుంది. రాత్రి 9కి వేస్తే మళ్లీ పొద్దున 6కే తీస్తారు. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతాయి కదా, ఆ అడవి వాటిది. అందుకని తెల్లవారుజామున బయల్దేరి వరుసలో ఎక్కడో వెనక నిలబడేకంటే, రాత్రికే గేటు దగ్గరికి చేరి అక్కడే పడుకుందామని మావారి ప్లాన్.

వనస్థలిపురంలో సాయంత్రం బయల్దేరాం. తుక్కుగూడ దాటేదాకా ట్రాఫిక్ మామూలే. కడ్తాల్, ఆమనగల్లు, వంగూరు గేటు అలా దాటిపోయాయి, డిండి దగ్గర చాయ్ తాగాం. అక్కడే తెలిసిపోయింది ఈసారి జనం ఎట్లా ఉండబోతున్నారో. డీసీఎం వ్యాన్లు, ట్రాక్టర్లు, ఆటోల వెనక వేలాడుతున్న పిల్లలు. ప్రతి బండి నుంచీ "వస్తున్నం లింగమయ్యో" అనే కేక. ఒక బండి మీద మాత్రం ఇంత పెద్ద సౌండ్ బాక్సులు పెట్టుకుని సినిమా పాటలు. దేవుడి దగ్గరికి పోతూ ఆ పాటలేంటో నాకైతే అర్థం కాలేదు.

మన్ననూరు చేరేసరికి గేటు వేసేశారు. అనుకున్నదే. బండ్ల వరుస అప్పటికే ఊళ్లోకి వచ్చేసింది. రోడ్డు పక్కన ఖాళీ జాగాలో చాపలు పరిచాం. నిండు చంద్రుడు, గేటు అవతల నల్లగా అడవి. పగలంతా మాడ్చిన ఏప్రిల్ ఎండ ఎక్కడికి పోయిందో, కొండ మీది నుంచి చల్లగాలి. పక్కనే ఒక పెద్ద కుటుంబం మూడు రాళ్ల పొయ్యి మీద పప్పుచారు కాస్తోంది. కొంచెం దూరంలో ముసలివాళ్లు తాళాలు వాయిస్తూ భజన. ఇంట్లో ఏసీ లేకపోతే నిద్రపట్టదనే తమ్ముడు పడుకున్న క్షణానికే గురక పెట్టాడు. నాకే నిద్ర రాలేదు. ఆడవాళ్లకు బయట రాత్రి గడపాలంటే ఉండే ఇబ్బంది ఒకటుంది కదా. రోడ్డు పక్క ఇంటావిడ నా మొహం చూసే అర్థం చేసుకుంది. "దా అక్కా, మా బాత్రూంకి పోయిరా, సిగ్గెందుకు" అని తలుపు తీసింది. ఆ రాత్రి ఆ ఇంటి ముందు ఎంతమంది ఆడవాళ్లు నిలబడ్డారో! ఒక్కరి మీదా ఆమె విసుక్కోలేదు.

పొద్దున గేటు తీశాక ఒకటే పరుగు. ఫరహాబాద్ దగ్గర మెయిన్ రోడ్డు వదిలి అడవిలోకి తిరిగాం. మట్టిబాట, ఎర్రదుమ్ము, అద్దాలు ఎత్తినా ముక్కుల్లోకే. రెండు వైపులా వెదురు, ఆకు రాల్చిన చెట్లు. ఎక్కడో ఒకచోట ఇప్పచెట్టు కింద పూలు రాలి ఆ మత్తు వాసన కారులోకి వచ్చింది. ఈ అడవి బిడ్డలు చెంచులు ఈ రోజుల్లోనే ఇప్పపువ్వు ఏరుకుంటారు. బండ్లు ఆపేచోట దిగి నడక మొదలుపెట్టాం. నాలుగైదు కిలోమీటర్లు అంటారు గానీ ఆ ఎక్కుడు దిగుడులో కిలోమీటర్ల లెక్క పనిచేయదు.

మొదట్లో బాగానే ఉంది. నలుగురితో పాటు తమ్ముడు కూడా నడిచాడు. అసలు పరీక్ష లోయ అంచుకు వచ్చాక. ఒక పక్క నిట్టనిలువు బండ, ఇంకో పక్క ఏమీ లేదు. మధ్యలో మనిషి పట్టేంత దారి. అదే దారిలో దిగేవాళ్లు, అదే దారిలో ఎక్కేవాళ్లు. కాలి కింద రాళ్లు కదులుతున్నాయి. వెనక నుంచి కుర్రాళ్లు "జరుగుండ్రి జరుగుండ్రి" అని తోస్తున్నారు. ఫోన్ పైకెత్తి వీడియో తీసుకుంటూ దిగేవాళ్లను చూస్తే చేయి చేసుకోవాలనిపించింది. భక్తి అంతా ఆవిరైపోయి వెనక్కి పోదామా అనుకున్నాను. తమ్ముడు బండకు వీపు ఆనించి ఆగిపోయాడు. కుడికాలు వణుకుతోంది. "అక్కా, మోకాలు పట్టు దొరకట్లేదు" అన్నాడు మెల్లగా. ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీలో ఎంత నొప్పెట్టినా నోరు తెరవనివాడు ఆ మాట అనేసరికి నా గుండె జారిపోయింది. దింపుకొస్తానని మొక్కుకుంది నేను, ఇప్పుడు వీడిని పట్టుకునే శక్తి నాకెక్కడిది?

అప్పుడు వచ్చాడు ఆ తాత. సన్నటి మనిషి, మోకాళ్ల పైకి పంచె, చేతిలో వెదురు కర్ర, కాళ్లకు చెప్పుల్లేవు. చెంచు పెద్ద. కిందికి పోతున్నవాడల్లా తమ్ముడి కాలు చూసి ఆగాడు.

"ఏమైంది కొడకా?"

"యాక్సిడెంట్ అయింది తాతా, లోపల రాడ్ ఉంది" అన్నాను నేను.

ఆయన ఇంకేమీ అడగలేదు. కర్ర తమ్ముడి చేతిలో పెట్టి తను ముందు నిలబడ్డాడు. "కిందికి సూడకు. నా మడిమె సూడు. నేనేడ పెడ్తే నువ్వాడ పెట్టు" అన్నాడు.

ఆ దిగడం నేను చచ్చేదాకా మర్చిపోను. తాత ఒక అడుగు వేసి ఆగుతాడు. తమ్ముడు కర్ర ఆనించి అదే రాయి మీద పాదం పెడతాడు. మళ్లీ ఒక అడుగు. ఎక్కడ రాయి కదులుతుందో, ఏ వేరు గట్టిగా ఉందో ఆయన పాదాలకు తెలుసు. తోసుకుంటూ వచ్చిన కుర్రాళ్లను "ఆగుండ్రి, లింగమయ్య యాడికి పోడు" అని ఒక్క మాట అంటే ఆగిపోయారు. నేను అరిస్తే వినని మూక! మలుపుల దగ్గర మాత్రం చేయి వెనక్కి చాచి తమ్ముడి మణికట్టు పట్టుకునేవాడు. మా వల్ల వెనక ఎంత వరుస ఆగిపోయిందో గానీ, కాసేపటికి వాళ్లలోంచే ఎవరో "వస్తున్నం లింగమయ్యో" అని అందుకున్నారు, లోయంతా తిరిగి పలికింది. తమ్ముడి పెదవులు కూడా కదిలాయి. అడిగితే ఒప్పుకోడు, నేను చూశాను.

అడుగుకు చేరాక ఎండ లేదు. తలెత్తితే ఎక్కడో పైన ఆకాశం ముక్క. అంతెత్తు బండ మీది నుంచి నీళ్లు ధారగా మొదలై, దిగేకొద్దీ గాలికి చెదిరి, తుంపర్లుగా మీద పడుతున్నాయి. నల్లమలంతా ఎండి చెట్లు మోడులై ఉంటే ఈ ఒక్క చోట నీళ్లకు కరువు లేదు. గుండంలో మునిగాం. చలికి పళ్లు కొట్టుకున్నాయి. తాత తమ్ముడిని ధార కింద కూర్చోబెట్టి "కాలు సాపు" అన్నాడు. సరిగ్గా కుట్ల మచ్చ మీద నీళ్లు పడేట్టు తనే జరిపాడు. అక్కడ కూడా సబ్బులు రుద్దుకునేవాళ్లు, షాంపూ ప్యాకెట్లు చించి పారేసేవాళ్లు ఉన్నారు. అందరూ తాగే నీళ్లు కదా అవి!

ఇక లింగమయ్య ఉండే గుహ ముందు తోపులాట సంగతి చెప్పక్కర్లేదు. నా చీర కొంగు ఎవరి కాలి కిందో, కొబ్బరికాయ ఎవరి చేతిలోకి పోయిందో తెలియదు. ఊపిరాడట్లేదు, ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది. అంతలో ముందున్నవాళ్లు పక్కకి ఒరిగారు.

కనిపించాడు. దీపం వెలుగులో చిన్న లింగం, మీద విభూతి, తడి మారేడాకులు, నీళ్లకు మెరుస్తున్న రాయి. అంతే. దారిపొడవునా ఏమేం చెప్పుకోవాలో అనుకుంటూ వచ్చాను: అమ్మ షుగరు, పిల్ల పదో తరగతి, ఇంటి లోను. ఒక్కటీ గుర్తు రాలేదు. "తీసుకొచ్చిన" అన్నాను, అంతే. పూజారి కూడా చెంచు మనిషే. మంత్రాల హడావుడి లేదు, చేతి నిండా విభూతి తీసి పెడుతున్నాడు. తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, దండం పెట్టలేదు. నుదుటన విభూతి పెట్టించుకుని, వేలికి అంటిన కాస్తా తుడుచుకున్నాడు, ప్యాంటు మీద కాదు, రాడ్ ఉన్నచోట తొడ మీద. ఎవరూ చూడలేదనుకున్నాడు. వెనక నుంచి తోపుడు వచ్చి మమ్మల్ని బయటికి విసిరేసింది.

తాతకు డబ్బులు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టాడు. "పైసలేం జేస్కోను, పులిహోర వాసనొస్తుంది నీ సంచిలకెల్లి" అన్నాడు నవ్వుతూ. బండ మీద కూర్చుని అందరం తిన్నాం. శ్రీశైలం మల్లయ్య చెంచోళ్ల అల్లుడంటారు కదా, ఆ లెక్కన ఈయన దేవుడికి మామ వరస, అది చెప్తే పడీ పడీ నవ్వాడు. ఎక్కేటప్పుడు కర్ర తిరిగి ఇవ్వబోతే, పైకి పోయినంక ఇంకెవరైనా కుంటుకుంటూ వస్తుంటే ఇయ్యమన్నాడు. అట్లాగే బండ్ల దగ్గర ఒక పెద్దావిడకు ఇచ్చాం.

ఎక్కడం దిగడం కంటే సులువే అంటే నమ్మరు గానీ నిజం, కింద లోయ కనిపించదు, పైన ఆకాశమే. "పోయొస్తం లింగమయ్యో" అనుకుంటూ, ఆగుతూ ఆగుతూ మధ్యాహ్నం దాటాక కారు దగ్గరికి చేరాం. తమ్ముడి కాలు వాచింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఐస్ పెట్టమని, రెండు రోజులు రెస్ట్ తీసుకోమని అన్నారు, భయమేమీ లేదన్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే మాట: సరిగ్గా పౌర్ణమి నాడు మాత్రం పోకండి, అటో ఇటో ఒక రోజు చూసుకోండి. మంచి పట్టున్న చెప్పులు వేసుకోండి. చంటిపిల్లలతో ఆ అంచు దారి వద్దు.

ఇంటికి రాగానే అమ్మ దిష్టి తీసి, పుణ్యం మీ అక్కది అంది వాడితో. "మొక్కు అక్కది, నడక నాది, సగం సగం" అన్నాడు. వచ్చే ఏడు నువ్వు కూడా రా అమ్మా, తాతను కలుద్దాం అని కూడా అన్నాడు. అమ్మ మోకాళ్ల నొప్పి గుర్తుచేస్తే, "మడిమె చూసి నడవాలి, నేను చూపిస్తా" అంటున్నాడు.