సు వెయిదెని ఎందుకు ఆడించారు బాబాయ్?

పారిస్ ఒలింపిక్స్ పురుషుల జిమ్నాస్టిక్స్ టీమ్ ఫైనల్ గురించి ఎక్కడ మాట వచ్చినా చివరికి ఒక్క పేరు దగ్గరే ఆగుతుంది. సు వెయిదె. హై బార్ మీద రెండుసార్లు పడ్డ చైనా కుర్రాడు. అతను పడకపోతే చైనాదే బంగారం, నిజమే. కానీ "అలాంటివాణ్ని అసలు ఎందుకు ఆడించారు" అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. మా అన్నయ్య కొడుకు కూడా ఆ రాత్రి ఫోన్‌లో అదే అడిగాడు. వాడికి అప్పుడు చెప్పిందీ, చెప్పేలోపు వాడు ఫోన్ పెట్టేయడం వల్ల మిగిలిపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను బాపట్ల వైపు ఒక హైస్కూల్లో పీఈటీని. మా పిల్లలకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ తప్ప ఇంకో ఆట పెద్దగా తెలియదు. గ్రౌండ్ చివర ఒక డబుల్ బార్ ఉంది, తుప్పు పట్టి. దాని మీద ఆడేవాళ్ల కంటే యూనిఫాం చొక్కాలు ఆరేసేవాళ్లే ఎక్కువ. నేను చదువుకునే రోజుల్లో మా ఊరి వ్యాయామశాలలో సింగిల్ బార్ చేసేవాణ్ని. పెద్దగా ఏమీ కాదు, ఊగడం, పైకి లేవడం, దిగడం. అరచేతుల్లో బొబ్బలు లేచి, చితికి, మళ్లీ లేచేవి. టీవీలో హై బార్ వచ్చినప్పుడల్లా ముందు నా చూపు వాళ్ల చేతుల మీదికే పోతుంది.

2024 జులై 29, సోమవారం. బెర్సీ అరెనాలో పోటీ. మనకు రాత్రి తొమ్మిదికి మొదలు. మా ఆవిడ "రేపు స్కూలు లేదా" అని ఒకసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా పడుకుంది.

టీమ్ ఫైనల్ పద్ధతి తెలియకపోతే ఆ రాత్రి టెన్షన్ అర్థం కాదు. జట్టుకు ఐదుగురు. ఫ్లోర్, పామెల్ హార్స్ (రెండు పిడులున్న దిమ్మ మీద చేతులతో తిరగడం), రింగ్స్, వాల్ట్ (పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా దూకడం), డబుల్ బార్, హై బార్ అని ఆరు పరికరాలు. ఒక్కో పరికరం మీద ముగ్గురు ఆడతారు, ఆ ముగ్గురి స్కోర్లూ లెక్కలోకి వస్తాయి. క్వాలిఫయింగ్‌లో అయితే నలుగురు ఆడి మంచి మూడు తీసుకుంటారు, ఒకడు పడినా ఆ స్కోరు వదిలేయొచ్చు. ఫైనల్లో ఆ వెసులుబాటు లేదు. జట్టు మొత్తానికి పద్దెనిమిది ప్రదర్శనలు, ఒక్కటీ వదలడానికి వీల్లేదు. పడితే ఒక పాయింటు కోత. పడిన చోట చేయబోయిన విన్యాసం పూర్తి కాకపోతే దాని కష్టానికి ఇచ్చే మార్కులు కూడా పోతాయి. అంటే పడటానికి ఖరీదు ఒక పాయింటు మాత్రమే కాదు.

జపాన్, చైనా ఒకే గ్రూపులో ఫ్లోర్‌తో మొదలుపెట్టి హై బార్‌తో ముగించాయి. జపాన్‌కు మధ్యలోనే దెబ్బ తగిలింది. టోక్యో ఒలింపిక్స్‌లో వ్యక్తిగత ఆల్‌రౌండ్ (ఆరు పరికరాలూ ఒక్కడే ఆడే పోటీ) బంగారం గెలిచిన హషిమోతో దైకి పామెల్ హార్స్ మీద నుంచి పడ్డాడు. అక్కడ 13.100. జట్టులో అందరికంటే పెద్ద పేరు ఉన్నవాడే పడితే మిగతావాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో ఏ స్కూలు టీమ్‌ను నడిపినవాణ్నైనా అడగండి. చైనాకు డబుల్ బార్ మీద జౌ జింగ్‌యువాన్ ఉన్నాడు. అతని ఆట చూస్తుంటే ఆ రెండు కర్రలూ అతని కోసమే నాటినట్టు ఉంటుంది. ఐదు రౌండ్లు అయ్యేసరికి చైనా జపాన్ కంటే 3.267 పాయింట్లు ముందుంది.

అప్పుడే మా వాడి ఫోన్. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, క్రికెట్ తప్ప ఇంకేమీ చూడడు, ఆ రోజు రూమ్‌లో ఎవరో పెడితే చూస్తున్నాడట.

"బాబాయ్, మూడు పాయింట్లంటే ఎక్కువా తక్కువా?"

"చాలా ఎక్కువరా. ముగ్గురు ఆడేదానికి మూడు పాయింట్లు. వాళ్లు పడకుండా దిగితే చాలు."

హై బార్ అంటే 28 మిల్లీమీటర్ల మందం స్టీలు కడ్డీ, నేలకు 2.8 మీటర్ల ఎత్తున. దాని చుట్టూ పెద్ద చుట్లు తిరిగి, వేగం అందుకుని, కడ్డీ వదిలేసి గాల్లో దాని మీదుగా దాటి, మళ్లీ పట్టుకోవాలి. వదిలే క్షణం కాస్త అటూ ఇటూ అయితే చేతికి గాలే దొరుకుతుంది. చైనా తరఫున షియావ్ రువోతెంగ్‌కు 13.433 వచ్చింది, అతని స్థాయికి తక్కువే. తర్వాత సు వెయిదె. కడ్డీ వదిలాడు, చేతికి అందలేదు, మ్యాట్ మీద పడ్డాడు. లేచి, చేతులకు పొడి రాసుకుని మళ్లీ ఎక్కాడు. మళ్లీ పడ్డాడు. స్కోరు 11.600.

"వాణ్ని ఎందుకు ఆడించారు బాబాయ్? సబ్‌స్టిట్యూట్ అంటున్నారు కదా!"

సబ్‌స్టిట్యూటే. సున్ వెయ్‌కు గాయమైతే అతని చోటులో వచ్చాడు. కానీ మా వాడికి, వాడిలాగే అడిగిన లక్షలమందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. రెండు రోజుల ముందు, అంటే 27న జరిగిన క్వాలిఫయింగ్‌లో ఇదే సు వెయిదె ఇదే హై బార్ మీద ఆడి వ్యక్తిగత ఫైనల్లో చోటు సంపాదించాడు. ఎనిమిదిమందికే దక్కే చోటు అది. అదే క్వాలిఫయింగ్‌లో హై బార్ ఫైనల్‌కు అర్హత దొరకని పెద్ద పేరు ఎవరిదో తెలుసా? టోక్యోలో హై బార్ బంగారం కూడా గెలిచిన హషిమోతోది. ఆ సాయంత్రం చేతిలో రెండు పేర్లు పెట్టి హై బార్ మీద ఎవరిని నమ్ముతావని కోచ్‌ను అడిగితే, కాగితం ప్రకారం సు వెయిదె అనే చెప్పాలి. లైనప్ తప్పు కాదు. నేను కోచ్‌నైనా అతన్నే దించేవాణ్ని.

ఇంకో లెక్క కూడా చూడండి. చివరికి జపాన్ చైనాను దాటిన తేడా 0.532. సు వెయిదె ఒక్కసారే పడి ఉన్నా ఆ రెండో కోత ఉండేది కాదు, బంగారం చైనాకే వెళ్లేది. మొదటిసారి పడటాన్ని ఆ ఆధిక్యం భరించగలదు. రెండోసారిని భరించలేకపోయింది. మొదటిసారి పడి లేచి మళ్లీ కడ్డీ ఎక్కినవాడి తలలో ఏముంటుందో నేను ఊహించగలను గానీ, సోషల్ మీడియాలో తిట్టినవాళ్లు ఊహించారని అనుకోను.

జపాన్ వైపు ఓకా షిన్నొసుకే 14.433, సుగినో తకాకి 14.566. ఆ తర్వాత హషిమోతో. పామెల్ హార్స్ మీద పడినవాడు, ఈ కడ్డీ మీద ఫైనల్‌కు దూరమైనవాడు. 14.566 చేసి దిగాడు. ఇక మిగిలింది చైనా ఆఖరి ఆటగాడు జాంగ్ బోహెంగ్ ఒక్కడే. జపాన్ అభిమానులు అరుపులతో హాలు దద్దరిల్లిస్తున్నారు. అప్పుడు హషిమోతో చేసిన పనికి నేను కుర్చీలోంచి లేచాను. పెదాల మీద వేలు పెట్టి, జాంగ్ ఆడబోతున్నాడు, నిశ్శబ్దంగా ఉండండని తన వాళ్లకే సైగ చేశాడు. బంగారానికి అడ్డుగా మిగిలిన ఒకే ఒక్క మనిషి కోసం. మా జిల్లా పోటీల్లో ప్రత్యర్థి సర్వీస్ చేసేటప్పుడు ఈలలు వేయొద్దని పిల్లలకు చెప్పి చెప్పి నా గొంతు పోతుంటుంది. మర్నాడు ప్రేయర్ అయ్యాక ఇదే చెప్పాను. ఎంతమంది విన్నారో గానీ, ముందు వరసలో ఇద్దరు ఆ రోజంతా ఒకరికొకరు వేలు చూపించుకుంటూ నవ్వుకున్నారు.

జాంగ్‌కు 15.265 పైన కావాలి. 14.733 వచ్చింది. చాలా మంచి ఆట అది. జపాన్ 259.594, చైనా 259.062. టోక్యోలో రష్యన్ల చేతిలో 0.103 తేడాతో పోయిన బంగారం జపాన్‌కు ఇలా దక్కింది.

మూడో స్థానం అమెరికాది, 257.793. 2008 బీజింగ్ తర్వాత వాళ్లకు ఇదే మొదటి టీమ్ పతకం. అక్కడ కథ కళ్లజోడు కుర్రాడిది, స్టీఫెన్ నెడొరోసిక్. పామెల్ హార్స్ ఒక్కటే అతని పని. అమెరికా ఆరో రౌండు అదే, అందులోనూ ఇతనే చివర. అంటే జట్టంతా ఆడుతుంటే రెండు గంటల పైన కూర్చుని, కళ్లజోడు తీసి, ఒక్కసారి ఎక్కి, 14.866 చేసి దిగాడు. ఐదుగురిలో ఒక చోటు ఒకే పరికరం మనిషికి ఇవ్వడం జూదమే. అతను పడి ఉంటే ఆ కోచ్‌నూ "ఎందుకు ఆడించావ్" అనే అడిగేవాళ్లు.

మన దేశం ఈ టీమ్ పోటీ దరిదాపుల్లో లేదు. ఒక్కొక్కరుగా వచ్చారు: 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో ఆశిష్ కుమార్, రియో ఒలింపిక్స్‌లో వాల్ట్ మీద నాలుగో స్థానంలో నిలిచిన దీపా కర్మాకర్, 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ మీద కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ అమ్మాయి అరుణారెడ్డి. ఒక్క వాల్ట్ మీద మంచి ఆటగత్తె రావడం వేరు, ఆరు పరికరాల మీదా పడకుండా నిలిచే ఐదుగురు ఒకేసారి దొరకడం వేరు. దానికి ఊళ్లలో వ్యాయామశాలలు బతికి ఉండాలి. ఆ సంగతి మొదలుపెడితే ఈ పోస్టు ముగియదు.

ఆగస్టు 5న హై బార్ వ్యక్తిగత ఫైనల్ చూడమని మా వాడికి ముందే చెప్పాను. సు వెయిదె కూడా ఆడాడు, పతకం రాలేదు. ఓకా, కొలంబియాకు చెందిన ఆంగెల్ బరాహస్ ఇద్దరికీ 14.533, టైబ్రేక్‌లో బంగారం ఓకాకు. మిగతావాళ్లలో ఒకరి తర్వాత ఒకరు తప్పులు. జాంగ్ బోహెంగ్, చైనీస్ తైపీ ఆటగాడు తాంగ్ చియా-హుంగ్ పెద్ద పొరపాట్లు చేసి కూడా చెరో 13.966తో కాంస్యం పంచుకున్నారు. మధ్యలో మా వాడి మెసేజ్ వచ్చింది: "ఇదేంటి బాబాయ్, అందరూ పడుతున్నారు?"